అల్లుడు ముట్టుకున్న ప్రాసెసర్

తేజస్వినికి సరిగ్గా ఎనిమిది గంటల సమయం ఉంది.

సాయంత్రం ఆరు లోపు నాలుగు సెకన్ల షాట్ ఒకటి పంపాలి. ఆనకట్ట తెగి, నీళ్లు వీధిలోకి విరుచుకుపడే దృశ్యం. అది చేరితే మాదాపూర్‌లోని ఒక యానిమేషన్ స్టూడియో ఆమెను ఉద్యోగంలోకి తీసుకుంటుంది. చేరకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. పాత స్టూడియో మూతపడి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో వచ్చిన పిలుపు ఇదొక్కటే.

షాట్ సిద్ధంగానే ఉంది. కంప్యూటర్ మూడు గంటలు కూర్చుని దాన్ని బొమ్మలుగా మార్చే రెండరింగ్ పని మిగిలింది, అంతే. గురువారం ఆ కంప్యూటర్ మదర్‌బోర్డే కాలిపోయింది. శుక్రవారం సాయంత్రానికల్లా కొత్త బోర్డు, దానికి సరిపోయే ప్రాసెసర్, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కొండాపూర్‌లోని వాళ్ల ఫ్లాట్‌కు వచ్చేశాయి. ఫైళ్లన్నీ పాత డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. బిగించడం గంట పని. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు తేజస్విని స్నేహితురాళ్లకు అలాంటివి ఆరు బిగించి ఇచ్చింది.

అయితే ఇంట్లో భర్త ఉన్నాడు.

హేమంత్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ హెడ్. పేరు అలా ఉంటుంది గాని అతను స్వయంగా డెలివరీ చేసేది ఏమీ ఉండదు. చేసేవాళ్లను ఎప్పటికవుతుందని అడగడమే అతని ఉద్యోగం. పన్నెండేళ్లుగా అడుగుతున్నాడు, బాగా అడుగుతాడని పేరు. శనివారం పొద్దున తేజస్విని పెట్టెలు విప్పబోతే ఆపాడు. ప్లాన్ లేకుండా ఇలాంటివి ముట్టుకోకూడదన్నాడు. ఆదివారం పది నుంచి పన్నెండు వరకు అని పక్క గదిలో ఉన్న భార్యకు క్యాలెండర్‌లో ఆహ్వానం పంపాడు. ఫోన్లో మెయిలు చూడటం రాని అత్తమామల పేర్లు కూడా అందులో చేర్చాడు.

ఆ అత్తమామలే అసలు ఇబ్బంది. తేజస్విని తల్లిదండ్రులు మునిస్వామి, జయమ్మ రాయచోటి నుంచి వచ్చి నెల రోజులైంది. అల్లుడు చేస్తానన్న పనిని కూతురు చేస్తాననడం వాళ్ల దృష్టిలో అల్లుడి ముందున్న విస్తరి లాగేయడంతో సమానం. జయమ్మ పెళ్లయిన ఏడేళ్లలో అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పదలచుకున్నది మొగుడికి చెబుతుంది. అల్లుడు వింటాడు.

ఆదివారం పది గంటలకు డైనింగ్ టేబుల్ మీద శస్త్రచికిత్సకు సిద్ధం చేసినట్టు అన్నీ పరిచారు. హేమంత్ చేతికి ఒక పట్టీ కట్టుకున్నాడు. ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు ప్రాసెసర్‌ను కాల్చకుండా ఉండేందుకు వాడే పట్టీ అది. దాని తీగ చివర ఉన్న క్లిప్పును ఎర్తు తగిలే లోహానికి పెట్టాలి. హేమంత్ దాన్ని మెడలో వేలాడుతున్న ఆఫీసు ఐడి కార్డుకు పెట్టుకున్నాడు. ఆదివారం, ఇంట్లో, నిక్కరు మీద ఐడి కార్డు ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోన్లో రాజేందర్ ముఖం ఉంది. ఉప్పల్‌లో ఉంటాడు, హేమంత్ టీములో పనిచేస్తాడు. ఆ ఉద్యోగంలోకి రాకముందు మూడేళ్లు కంప్యూటర్ రిపేరు షాపులో కూర్చున్నవాడు. హేమంత్ అతన్ని సలహా కోసం పిలవలేదు, చూడటానికి పిలిచాడు. నెలాఖరుకు జీతాల పెంపు సమీక్ష ఉంది కాబట్టి రాజేందర్ చూస్తున్నాడు.

పదిన్నరకు జయమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. హేమంత్ ఒకటి తిన్నాడు. రెండోది సగం కొరికి పళ్లెంలో పెట్టాడు. తర్వాత అదే బొటనవేలు, చూపుడువేలితో ప్రాసెసర్‌ను పెట్టెలోంచి తీశాడు.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పలక లాంటిది. పైన మెరిసే లోహం. అడుగున వందల కొద్దీ బంగారు చుక్కలు. బోర్డు మీద దానికోసం ఉన్న గూట్లో వెంట్రుకల్లాంటి సన్నటి తీగలు నిలబడి ఉంటాయి. ఒక్కో తీగ ఒక్కో చుక్కను తాకాలి. అందుకే దాన్ని అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తాలని చిన్నపిల్లలకు చెప్పినట్టు పెట్టె మీద బొమ్మ వేసి మరీ చెబుతారు. హేమంత్ బొటనవేలు ఆ చుక్కల నడిమధ్యన ఉంది.

“అంచులు పట్టుకోండి,” అంది తేజస్విని. “నూనె అంటుకుంటుంది.”

హేమంత్ నవ్వాడు. ఆఫీసులో జూనియర్లకు కేటాయించిన నవ్వు అది. నువ్వు వాడుకునే ఎండ్ యూజర్‌వి, ఎండ్ యూజర్లా ఉండు అన్నాడు. మైక్రో మేనేజ్‌మెంటు వల్ల ఎన్ని ప్రాజెక్టులు మునిగాయో ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఉపన్యాసం సాగినంతసేపూ ప్రాసెసర్‌ను గాల్లో ఊపుతూనే ఉన్నాడు.

జయమ్మ వంటింటి గుమ్మంలోంచి మొగుడి వైపు చూసి, “పాపను లోపలికి రమ్మనండి, టెంకాయ కోరాల,” అంది.

తేజస్విని వెళ్లలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

నూనె మరక హేమంత్‌కూ కనిపించింది. టీషర్టు అంచుతో తుడిచాడు. నడుమ ఉన్న మరక నాలుగు మూలలకూ వెళ్లింది. అప్పుడు అతనికి తన ఘనమైన గతం గుర్తుకొచ్చింది. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ మొరాయిస్తే ర్యామ్ పీకి, దాని అంచును ఎరేజర్‌తో రుద్ది మళ్లీ పెట్టేవాళ్లు. ర్యామ్‌కు పనిచేసింది ప్రాసెసర్‌కు ఎందుకు పనిచేయదు? ఎరేజర్ కావాలన్నాడు. మునిస్వామి పజిళ్లు నింపుకునే పెన్సిల్ డబ్బాలోంచి, ఒక వైపు నల్లబడిన పాత ఎరేజర్‌ను భక్తిగా అందించాడు.

హేమంత్ రుద్దాడు. బల్ల మీద మూలకు జరిగి రుద్దినా బాగుండేది. మూత తెరిచి ఉన్న గూటికి సరిగ్గా పైన పట్టుకుని రుద్దాడు. రబ్బరు పొడి బూందీలో కారంలా రాలి ఆ సన్నటి తీగల మధ్య పడింది.

ఫోన్లో రాజేందర్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

“సూపర్ సార్,” అన్నాడు.

పన్నెండుకు పది నిమిషాలుండగా పవర్ బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కారు. మళ్లీ నలుపే. మూడోసారి హేమంత్ బటన్‌ను గట్టిగా, కోపంగా నొక్కాడు. అలా నొక్కితే ఆఫీసులో లిఫ్టయితే వస్తుంది.

తప్పెవరిదో తేల్చడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. ప్రాసెసర్ ఫ్యాక్టరీలోనే చచ్చి వచ్చింది. అమ్మినవాళ్లు మోసగాళ్లు. కుర్చీలో వెనక్కి వాలి, షాపు పేజీలో ఒక్క స్టార్ ఇచ్చి, ఘాటైన సమీక్ష రాసి, ఫోటోతో సహా పెట్టాడు. ఆ ఫోటోలో బజ్జీల పళ్లెం కూడా స్పష్టంగా పడింది. సోమవారం వేరేది తెప్పిద్దామని తీర్మానించాడు.

“సోమవారం నాకెందుకు? ఇవాళ ఆరింటికి పంపాలి,” అంది తేజస్విని.

గడువు పెంచమని అడగమన్నాడు. అడగడం ఒక కళ అట. అవతలివాళ్లు ఎప్పుడూ ఇస్తారట. శుక్రవారమే అడిగానని, మిగతావాళ్లందరూ పంపేశారని, ఆరు దాటితే అసలు తెరవబోమని వాళ్లు రాతపూర్వకంగా చెప్పారని తేజస్విని చెప్పింది. హేమంత్ ఆ సమాచారాన్ని తల పంకించి స్వీకరించాడు. తర్వాత భోజనానికి కూర్చున్నాడు. ఆకలి మాత్రం చెడలేదు. ఒకటింబావుకు పడకగదిలోకి వెళ్లి, ఏసీ వేసుకుని, తలుపు మూసుకున్నాడు. అల్లుడు పడుకున్న వేళ ఆ ఇంట్లో మిక్సీ కూడా వేయరు.

ఒంటిగంటా ఇరవైకి తేజస్విని ఫోన్ మోగింది. రాజేందర్.

“మేడం, జర ఏమనుకోకుండ్రి. ప్రాసెసర్ ఖరాబ్ కాలే. సార్ రుద్దిండు సూడుండ్రి, ఆ పొడంత గూట్లనే వడ్డది. నేను కండ్లార చూసిన.”

“చూసి సూపర్ సార్ అన్నారా?”

“అప్రైజల్ నెల మేడం,” అన్నాడు రాజేందర్, దానికి మించిన వివరణ లోకంలో లేనట్టు. తర్వాత గొంతు తగ్గించి పని చెప్పాడు. గూట్లో దూది, బ్రష్షు, వేలు ఏదీ పెట్టొద్దు, తీగ ఒక్కటి వంగినా బోర్డు పోతుంది. గాలితో మాత్రమే పొడి లేపాలి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. ప్రాసెసర్‌ను స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. “నేను ఫోన్ చేసినట్టు సార్‌కు చెప్పకుండ్రి,” అని పెట్టేశాడు.

తేజస్విని లెక్క వేసుకుంది. మూడు గంటల రెండరింగ్, పంపడానికి పావుగంట. రెండున్నరకల్లా మొదలుపెడితే బతికినట్టు. ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది.

జయమ్మ వచ్చి టేబుల్‌కు అడ్డంగా నిలబడింది. “వద్దుమే. ఆయప్ప చేసిన పనిని నువ్వు విప్పితే, లేచినంక ఏమనుకుంటాడు? చేతగానోడని చెప్పినట్టు కాదా?”

“నేను చెప్పేదేముందిమ్మా. అది పొద్దున్నించీ తెలుస్తానే ఉంది.”

“ఉద్యోగం ఇంగొకటి వస్తుంది. మొగుడి మనసు విరిగితే అతకదు.”

ఐదు నెలలుగా కూతురు పొద్దున్నే లేచి స్నానం చేసి, ఎక్కడికీ పోకుండా టేబుల్ ముందు కూర్చోవడం జయమ్మ గమనించలేదు. మునిస్వామి ఈ నెల రోజులూ చూశాడు. తాలూకాఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేసి, ఏ విషయంలోనూ తన అభిప్రాయం ఇదని ఎన్నడూ చెప్పని మనిషి ఆయన. ఇప్పుడూ చెప్పలేదు. కుర్చీ ఎత్తుకెళ్లి పడకగది తలుపు పక్కన వేసుకుని పేపరు విప్పాడు.

“నేను ఈడ చదువుకుంటాంటా. లేస్తే దగ్గుతా,” అన్నాడు.

జయమ్మ మొగుణ్ణి ఉత్త చూపుతోనే కాల్చింది. అయినా పక్కకు జరిగింది.

స్పిరిట్ కోసం తేజస్విని పై అంతస్తులో ఉండే జెస్సికాకు ఫోన్ చేసింది. జెస్సికా ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భీమవరం పిల్ల. చర్చి నుంచి అప్పుడే వచ్చింది, చీర కూడా మార్చుకోకుండా దిగింది. ఇంజెక్షన్‌కు ముందు రాసే స్పిరిట్ ముక్కల ప్యాకెట్లు, విప్పని చేతి తొడుగులు, పసిపిల్లల ముక్కు శుభ్రం చేసే కొత్త రబ్బరు బుడ్డి తెచ్చింది. టేబుల్ మీదున్న ఎరేజర్‌ను చూసింది, పడకగది తలుపును చూసింది.

“తుడిచేటప్పుడు ఒకవైపే లాగండి. వెనక్కి రాకూడదండీ, వస్తే తీసిన మురికి మళ్లీ అక్కడే రాసినట్టు. ఒక ముక్క ఒకసారే,” అంది. “పుండైనా ఇదైనా అంతే.”

తేజస్విని స్విచ్ ఆపి, ప్లగ్గు మాత్రం గోడకే ఉంచి, క్యాబినెట్ ఇనుప చట్రాన్ని అరచేత్తో తాకింది. ఒంట్లో ఏ విద్యుత్తు ఉన్నా అటు పోతుంది. ఐడి కార్డు అవసరం పడలేదు. తొడుగులు వేసుకుని కూలర్ మరలు విప్పి ఎత్తింది. ఎత్తి, ఆగిపోయింది.

ప్రాసెసర్ వేడిని లాక్కోవాల్సిన కూలర్ అడుగు భాగం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. దాని మీద ‘బిగించే ముందు తీసేయండి’ అని ఎర్రటి అక్షరాలు. హేమంత్ అది చదవలేదని అనలేం. ఆ ఇంట్లో టీవీ రిమోట్ ఇప్పటికీ కవర్‌లోనే ఉంది. ఫ్రిజ్ తలుపు మీది పొర నాలుగేళ్లుగా ఉంది, కారు సీట్ల కవర్లు తీయనివ్వక వేసవిలో వీపులు కాలతాయి. కొత్త వస్తువు కొత్తగా ఉండాలన్నది అతని సిద్ధాంతం. ఒకవేళ తెర వెలిగి ఉన్నా, ఆ పొరతో రెండరింగ్ మొదలుపెట్టిన నిమిషానికే ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోయేది.

తేజస్విని పొర పీకి పడేసింది.

వేడి సులువుగా కూలర్‌కు దాటేందుకు ప్రాసెసర్ పైన పూసే బూడిదరంగు పేస్టును తండ్రి కళ్లజోడు గుడ్డతో మొదట ఎత్తేసింది. తర్వాత స్పిరిట్ ముక్కతో, అద్దంలా మెరిసేదాకా తుడిచింది. మీట ఎత్తి, రెండంచులూ పట్టుకుని గూట్లోంచి తీసి తిరగేసింది. బంగారు చుక్కల మీద, రుద్దాక గూట్లో పెట్టేటప్పుడు పడిన బొటనవేలి ముద్ర రేఖలతో సహా ఉంది. పోలీసులకు కూడా అంత స్పష్టమైన ముద్ర దొరకదు. ఒక మూల నుంచి ఒకవైపే లాగింది. ముక్క పసుపు రంగుకు తిరిగింది. ఇంకొకటి. ఇంకొకటి. ఐదో ముక్క తెల్లగా వచ్చింది. ప్రాసెసర్‌ను చుక్కలు పైకి ఉండేలా దాని పెట్టెలోనే పెట్టి, పది నిమిషాలు ఆరనిచ్చింది.

ఆ పది నిమిషాల్లో గూడు. జెస్సికా క్యాబినెట్‌ను ఏటవాలుగా వంచి పట్టుకుని ఫోన్ లైటు వేసింది. తేజస్విని రబ్బరు బుడ్డితో దూరం నుంచి గాలి కొట్టింది. పొడి కొంత ఎగిరి బయట పడింది. ఒక నల్లటి రేణువు మాత్రం తీగల మధ్య ఇరుక్కుని కదల్లేదు. గోటితో తీయాలని వేలు దానంతటదే ముందుకు పోయింది. తేజస్విని వేలు వెనక్కి లాక్కుంది. కోణం మార్చి కొట్టింది. మళ్లీ మార్చింది. పదకొండోసారి ఆ రేణువు లేచి టేబుల్ మీద పడింది. ఆవగింజలో నాలుగో వంతు లేదు.

గడియారం రెండు దాటి పన్నెండు నిమిషాలు చూపిస్తోంది.

ప్రాసెసర్ మూల ఉన్న చిన్న త్రికోణాన్ని గూటి మీది త్రికోణానికి సరిచూసి, నొక్కకుండా, తన బరువుకు తానే కూర్చునేలా వదిలింది. మూత వేసి మీట దించింది. నడుమ, కూలర్‌తో వచ్చిన గొట్టంలోంచి బఠాణీ గింజంత కొత్త పేస్టు. దాని మీద కూలర్. ఎదురెదురు మరలు కొద్దికొద్దిగా బిగించింది. పవర్ బటన్ నొక్కింది.

తెర వెలిగింది.

మునిస్వామి పేపరు పేజీ తిప్పాడు. రెండూ ఇరవై ఆరుకు రెండరింగ్ మొదలైంది. కింద ఒక పట్టీ చీమలా కదులుతోంది. మూడు గంటల రెండు నిమిషాలు అని చూపించింది. జెస్సికా చేతులు కడుక్కుని, ఉద్యోగం వస్తే కబురు చేయమని చెప్పి వెళ్లిపోయింది.

నాలుగుంబావుకు మునిస్వామి దగ్గాడు. ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినిపించలేదు.

హేమంత్ ఆవులిస్తూ హాల్లోకి వచ్చి తెరను చూశాడు. ముఖంలో అరక్షణం మాత్రం ఆశ్చర్యం నిలిచింది. తర్వాత అక్కడ నాయకత్వం వచ్చి కూర్చుంది. తాను అనుకున్నట్టే జరిగిందన్నాడు. బోర్డుకు కాస్త విశ్రాంతి కావాలని తనకు ముందే తెలుసట. అయితే మధ్యలో ఎవరో విప్పారు కాబట్టి ఏ దశలో ఏం చేశారో రికార్డు లేదు. ఒకసారి ఆపి, మొదటి నుంచి క్రమపద్ధతిలో బిగించి, వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెడితే పదిమందికీ ఉపయోగం. అరగంట పని.

చెయ్యి పవర్ బటన్ వైపు చాచాడు. పట్టీ యాభై తొమ్మిది శాతం దగ్గర ఉంది. ఇప్పుడు ఆగితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆరింటికి అందదు.

తేజస్విని లేచి, ఆ చేతికీ బటన్‌కూ మధ్య నిలబడింది.

“ముట్టుకోవద్దు.”

“ఇది ప్రాసెస్ కోసం, తేజూ. నీకోసమే.”

“పొద్దున బజ్జీ తిన్న చేత్తో పట్టుకున్నారు. గూటి మీద ఎరేజర్ రుద్దారు. కూలర్‌కు ప్లాస్టిక్ తీయకుండా బిగించారు. చచ్చింది ప్రాసెసర్ కాదు. ఆ సమీక్ష తీసేయండి, ఆ షాపువాడి తప్పేం లేదు. దీన్ని మాత్రం ఆరు దాకా ముట్టుకోకండి. ఆరు దాటాక కూడా.”

హేమంత్ మామగారి వైపు చూశాడు. మునిస్వామి దాదాపు మూడు గంటలుగా చదువుతున్న పేపరును ఇంకా శ్రద్ధగా చదువుతున్నాడు. హేమంత్ అత్తగారి వైపు చూశాడు. జయమ్మ తల దించుకుని, “అల్లునికి కాఫీ ఇస్తానని చెప్పండి, బాల్కనీలో గాలి బాగుందని చెప్పండి,” అంది మొగుడితో.

హేమంత్ చెయ్యి తీసుకున్నాడు. చెప్పే తీరు బాగోలేదని, చెప్పిన విషయంపై తర్వాత మాట్లాడదామని అన్నాడు. కాఫీ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, లోపలికి వీపు పెట్టి కూర్చున్నాడు. విషయంపై మాట్లాడటానికి అతని దగ్గర ఏమీ లేదని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది. సమీక్ష మాత్రం తీయలేదు. ఒక్క స్టార్‌ను మూడు స్టార్లకు పెంచి, ‘వినియోగదారుడి నైపుణ్యం వల్ల సమస్య పరిష్కారమైంది’ అని చేర్చాడు.

ఐదూ ఇరవై ఎనిమిదికి పట్టీ చివరికి చేరింది. తేజస్విని షాట్‌ను ఒకసారి నడిపించి చూసింది. ఆనకట్ట తెగింది. నీళ్లు వీధిలోకి దూకాయి. ఒక తోపుడుబండి తిరగబడింది. అంతా సరిగానే ఉంది. ఐదూ నలభై మూడుకు ఫైలు అవతలికి చేరినట్టు తెరపై గుర్తు వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చేతులు ఇంకా తొడుగుల రబ్బరు వాసన వేస్తున్నాయి.

ఆరూ పదికి స్టూడియో నుంచి మూడు ముక్కల మెయిల్ వచ్చింది. షాట్ అందింది. నీళ్లు బాగున్నాయి. బుధవారం తొమ్మిదికి వచ్చి చేరండి.

ఆమె దాన్ని పైకి చదివింది. మునిస్వామి పేపరు మడిచి పక్కన పెట్టాడు. బాల్కనీలో హేమంత్ కూడా విన్నాడు. వెంటనే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఇంట్లోనే కంప్యూటర్ బిగించి భార్యను ఉద్యోగంలో నిలబెట్టామని రాశాడు. ఆరు దాటి పావుగంట కాకముందే ముప్పై ఒక్కమంది బొటనవేలు చూపించారు.

జయమ్మ కూతురి పక్కన కూర్చుంది. సంతోషమో భయమో ఆమెకే తేలినట్టు లేదు.

“ఆయప్ప మొగం చూసినావా? రాత్రికి అన్నం తింటాడో తినడో.”

“తింటాడు,” అంది తేజస్విని. “బుధవారం నుంచి వడ్డించుకుని తింటాడు.”